సీసాల్లోకి దిగేసరికి హాప్స్ వాసన ఎటు పోతోంది?

రుషికుల్య (బరంపురం):

సభ్యులందరికీ నమస్కారం. మాది బరంపురం. ఉద్యోగరీత్యా ఆరేళ్ళుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. అమ్మకు మోకాలి శస్త్రచికిత్స జరగడంతో ఫిబ్రవరి మొదటివారంలో ఇంటికి వచ్చాను, జూన్ దాకా ఇక్కడే ఉంటాను. అక్కడ సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కరలేదు కనుక, నాలుగేళ్ళుగా మా గ్యారేజీలో విడతకు ఇరవై లీటర్ల చొప్పున పేల్ ఏల్ అనే లేతరంగు బీరు కాచుకుంటున్నాను. 1980లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో సియెర్రా నెవాడా వారు కాస్కేడ్ రకం హాప్స్‌తో (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పువ్వులు) మొదలుపెట్టిన పేల్ ఏల్‌ను ఒకసారి రుచి చూసిన నాటినుంచి పట్టుకున్న పిచ్చి ఇది.

బయలుదేరే ముందు కాచిన చివరి విడత పాడయింది. ఎందుకు పాడయిందో తెలుసుకోవాలని వివరాలన్నీ రాస్తున్నాను. పేల్ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) 4.2 కిలోలు, క్రిస్టల్ మాల్టు 300 గ్రాములు తీసుకుని 66 డిగ్రీల దగ్గర గంటసేపు నానబెట్టి, వడకట్టిన తీపి రసాన్ని గంటసేపు మరిగించాను. మరుగు మొదలైనప్పుడు చేదు కోసం మాగ్నమ్ రకం హాప్స్ 15 గ్రాములు, ఇంకా పావుగంట ఉందనగా కాస్కేడ్, సిట్రా రకాలు కలిపి 60 గ్రాములు వేశాను. యూఎస్-05 ఈస్టుతో 19 డిగ్రీల దగ్గర పులియబెట్టాను. సాంద్రత (నీటిది 1.000 అనుకుంటే; చక్కెర పులిసేకొద్దీ ఇది తగ్గుతుంది) 1.050 దగ్గర మొదలై 1.011 దగ్గర ఆగింది. అప్పుడు సిట్రా, గెలాక్సీ హాప్స్ పెల్లెట్లు (గుళికలు) 100 గ్రాములు పైన చల్లాను. అవి తెట్టులా పైనే తేలుతుంటే రెండుసార్లు మూత తీసి, శుభ్రం చేసిన గరిటెతో కలిపాను. రెండో రోజుకే బకెట్టులోకి వంచి, 125 గ్రాముల పంచదార కలిపి, సీసాలకు ఎత్తి మూతలు బిగించాను. మర్నాడు విమానం ఉండడం వల్ల అంతా హడావిడిగానే జరిగింది.

సీసాలకు ఎత్తిన రోజున మామిడి తొక్క, నిమ్మ కలిసిన వాసన గదంతా నిండిపోయింది. మూడు వారాల తరువాత నా గదిలోనే ఉండే విజయనగరం మిత్రుడు సీసా తెరిస్తే సగం బీరు నురగగా పొంగి నేలపాలయిందట. మిగిలినది టీ డికాషన్ రంగుకు తిరిగిందని, మామిడి వాసన జాడే లేదని, తడిసిన అట్టపెట్టె వాసనతో పాటు కాస్త వెన్న కాచిన వాసన కూడా వస్తోందని చెప్పాడు. సీసాలన్నీ గ్యారేజీలోనే ఉన్నాయి, అక్కడ ఎండాకాలం ఇంకా పూర్తికాలేదు.

హాప్స్ చాలలేదా? ఈసారి 100 గ్రాములకు బదులు 200 గ్రాములు వేస్తే వాసన నిలుస్తుందా? మరొక సంగతి కూడా అడగాలి. మా బావగారు ఇక్కడే మేడమీది గదిలో ఒక విడత కాచమని పోరుతున్నారు. ఆ గది మధ్యాహ్నానికి 34 డిగ్రీలకు తగ్గదు.

జయపురం మాస్టారు:

బాబూ, మీరు వివరాలు దాచకుండా రాశారు కనుక జవాబు చెప్పడం తేలికయింది. నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి, బీరు కాచే వాణ్ణి కాను. అయితే మా అబ్బాయి విదేశంలో ఈ పనే చేస్తుండడం వల్ల, వాడి తప్పులను లెక్కకట్టడం నాకు అలవాటయింది.

మీ సీసాలలో రెండు వేరువేరు జబ్బులు ఉన్నాయి. రెండింటికీ మందు హాప్స్ పెంచడం కాదు. 200 గ్రాములు వేస్తే రెండూ ఇంకా ముదురుతాయి.

మొదటిది గాలి. మీది ఆవకాయకు, అప్పడాలకు పేరున్న ఊరు. జాడీలో ముక్క మీద వేలెడు నూనె ఎందుకు నిలుస్తుందో మీ అమ్మగారిని అడగండి. నూనె తగ్గి పైముక్కకు గాలి తగిలిన చోట రంగు నల్లబడి వాసన మారుతుంది. పులిసిన బీరు మీద కూడా అటువంటి కవచం ఒకటి ఉంటుంది. ఈస్టు వదిలిన బొగ్గుపులుసు వాయువు గాలి కంటే బరువైనది కనుక పాత్ర పైభాగంలో పరుచుకుని ఉంటుంది. మీరు రెండుసార్లు మూత తీసి గరిటెతో కలిపినప్పుడు ఆ కవచం చెదిరింది. తరువాత బకెట్టులోకి ఎత్తునుంచి వంచినప్పుడు, నీటిలోకి గాలి కలపడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదన్నంతగా ప్రాణవాయువును కలిపారు. హాప్స్‌లోని సువాసన నూనెలు, వాటితో పాటు వచ్చిన పాలీఫినాలులు ప్రాణవాయువు తగిలితే ఊరుకోవు. రంగు ముదిరిందంటే, పళ్ళ వాసన పోయి అట్ట వాసన వచ్చిందంటే జరిగినది అదే. హాప్స్ ఎంత ఎక్కువ వేస్తే ఆక్సీకరణానికి అంత మేత దొరుకుతుంది. అందుకే మాల్టు ప్రధానమైన బీరు తట్టుకునే గాలిని హాప్స్ ప్రధానమైన బీరు తట్టుకోలేదు.

మీరు చెప్పిన సియెర్రా నెవాడా పేల్ ఏల్‌ను సీసాలోనే మళ్ళీ కొద్దిగా పులియనిస్తారు. సీసాలో మేలుకున్న ఈస్టు అక్కడ మిగిలిన ప్రాణవాయువును కొంత తినేస్తుంది. మీరూ పంచదార వేసి సీసాలోనే పులియబెట్టారు కనుక ఆ మేలు మీకూ కొంత జరిగి ఉండాలి. అయినా ఈ గతి పట్టిందంటే ఈస్టు తినగలిగినదానికి మించి గాలి లోపలికి వెళ్ళిందని అర్థం. దానికి తోడు గ్యారేజీ వేడి. అమెరికా బీరు పరిశ్రమలో మూడు, ముప్పై, మూడువందలు అని ఒక మోటు లెక్క చెబుతారు. 32 డిగ్రీల దగ్గర మూడు రోజులలో బీరుకు జరిగే ముసలితనం, 22 డిగ్రీల దగ్గర ముప్పై రోజులలోను, ఫ్రిజ్జు చలిలో మూడువందల రోజులలోను జరుగుతుందని దాని సారాంశం. అది కచ్చితమైన సూత్రం కాదు కాని, మీ మూడు వారాలకు అర్థం చెప్పడానికి సరిపోతుంది.

రెండో జబ్బు నురగ పొంగడం. 20 లీటర్లకు 125 గ్రాముల పంచదార అంటే లీటరుకు ఆరు గ్రాముల చిల్లర, అది సరైన కొలతే. అప్పటికే బీరులో కరిగి ఉన్నదానితో కలిపినా బీరు పరిమాణానికి రెండున్నర రెట్ల లోపే వాయువు ఉంటుంది. మరి సగం సీసా పొంగిపోవడానికి కారణం ఏమిటి? వెన్న వాసన దానికి ఆధారం చూపుతోంది. హాప్స్ పువ్వులో పిండి పదార్థాన్ని విడగొట్టే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. మరిగించిన హాప్స్‌లో అవి చచ్చిపోతాయి, కాని చల్లటి బీరులో వేసిన హాప్స్‌లో బతికే ఉంటాయి. ఈస్టు తినలేక వదిలేసిన చక్కెర గొలుసులను అవి నెమ్మదిగా తుంచి, తినదగిన చక్కెరగా మారుస్తాయి. పని ముగించుకుని పడుకున్న ఈస్టు మళ్ళీ లేస్తుంది, వాయువును వదులుతుంది, డయాసిటిల్‌గా మారే పదార్థాన్ని కూడా వదులుతుంది. వెన్న వాసన ఆ డయాసిటిల్‌దే. 1893లోనే ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ అనే రసాయన శాస్త్రవేత్తలు హాప్స్‌కు ఈ గుణం ఉన్నదని రాశారు. ఆ తరువాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఈ కాలంలో గుప్పిళ్ళకొద్దీ పచ్చి హాప్స్ వేసే అలవాటు వచ్చాక మళ్ళీ అందరికీ గుర్తుకు వచ్చింది.

మీరు హాప్స్ వేసిన తరువాత సాంద్రతను మళ్ళీ కొలవలేదని రాతను బట్టి తెలుస్తోంది. అసలు లోపం అక్కడ ఉంది. హాప్స్ వేశాక మూత కదపకుండా 19 డిగ్రీల దగ్గరే ఉంచి, మూడు రోజులపాటు అంకె కదలకుండా నిలిచిందని, వెన్న వాసన లేదని చూసుకున్న తరువాతే సీసాలకు ఎత్తవలసింది. వాసన పోతుందేమోనన్న భయంతో తొందరపడడం సహజమే, కాని మూసి ఉన్న పాత్రలో ఈస్టు పక్కన గడిపే వారం రోజులు వాసనకు చేసే నష్టం, ఒక్కసారి మూత తీసి కలిపితే జరిగే నష్టం కంటే తక్కువ.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మీ మిత్రునికి వెంటనే ఫోను చేసి, మిగిలిన సీసాలను గుడ్డ కప్పి, చేతికి మందపాటి తొడుగులు వేసుకుని ఫ్రిజ్జులోకి మార్చమనండి. ఒక సీసాను బాగా చల్లబరచి తెరిచి, గ్లాసులో పోసి వాయువు పూర్తిగా పోయేదాకా కలిపి, హైడ్రోమీటరుతో కొలవమనండి. సాంద్రతలో ఒక్క అంకె (0.001) తగ్గితే దాదాపు అర రెట్టు వాయువు అదనంగా పుడుతుంది. 1.011 కంటే ఎంత కిందికి దిగిందో తెలిస్తే నేను చెప్పినది నిజమో కాదో తేలిపోతుంది.

మొగలిరేకు (ఛత్రపురం):

తమ్ముడూ, నాకు బీరు సంగతి తెలియదు, తాగే అలవాటూ లేదు. కాని వాసన ఎటు పోతోందని మీరు శీర్షికలో అడిగిన ప్రశ్న మా ఇంట్లో తరతరాలుగా వింటున్న ప్రశ్నే. మాకు మొగలిపూల భట్టీ ఉంది. గంజాం తీరాన ఇసుకనేలల్లో పెరిగే మొగలి డొంకలనుంచి మగ పొత్తులను తెల్లవారకముందే కోసి, ఎండ ఎక్కకముందే భట్టీకి చేర్చాలి. మధ్యాహ్నం దాకా బుట్టలో ఉన్న పువ్వుకు వ్యాపారి సగం ధర కూడా ఇవ్వడు, ఇవ్వడం న్యాయమూ కాదు. డేగు అనే రాగి పాత్రలో పువ్వులు, నీళ్ళు పోసి, మూత అంచున మట్టి మెత్తి, వెదురు గొట్టంతో భప్కా అనే రెండో పాత్రకు కలుపుతాం. ఆవిరిలో కలిసి లేచిన పరిమళం ఆ గొట్టంలోంచి వెళ్ళి, చన్నీళ్ళలో కూర్చున్న భప్కాలో దిగుతుంది. మట్టి మెత్తిన చోట వెంట్రుకంత చీలిక వచ్చినా పనివాళ్ళకు ముందు ముక్కుకే తెలుస్తుంది, అప్పుడు తడిమట్టి పట్టుకుని పరుగెడతారు. భట్టీ దగ్గర పరిమళం ఘుమఘుమలాడుతోందంటే బయటివాళ్ళు మెచ్చుకుంటారు, మా నాన్నగారు మాత్రం తిట్టేవారు. గాలిలో ఉన్నది సీసాలో ఉండదు కదా.

మీరు చివరి పావుగంట మరుగులో వేసిన 60 గ్రాముల హాప్స్ సంగతి చదివినప్పుడు నాకు ఆ తిట్లే గుర్తుకు వచ్చాయి. మూత లేని గంగాళంలో మరిగించడమంటే భప్కా లేని డేగు పెట్టడమే. ఆ పావుగంటలో మీ ఇల్లంతా నిండిన పరిమళం కిటికీలోంచి వెళ్ళిపోయిన మీ బీరు వాసన. చేదు కావాలంటే మరిగించక తప్పదేమో, వాసన కోసం మాత్రం పొయ్యి ఆర్పి, కాస్త చల్లారాక వేసి మూత పెడితే మంచిదని నా మనసుకు తోస్తోంది. తప్పయితే మాస్టారు దిద్దాలి.

జయపురం మాస్టారు:

అమ్మా, దిద్దవలసినది ఏమీ లేదు. హాప్స్‌లో చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లాలు చాలాసేపు మరిగితేనే కరిగే రూపానికి బాగా మారుతాయి. వాసనకు మూలమైన మిర్సీన్ వంటి నూనెలు మాత్రం ఆవిరితో లేచిపోతాయి. ఒకే పువ్వులోని రెండు గుణాలకు రెండు వేరు మర్యాదలు చేయాలి. అందుకే ఇప్పటివారు మంట ఆర్పి, రసం 80 డిగ్రీల కిందికి దిగాక ఆ 60 గ్రాములూ వేసి, మూతపెట్టి ఇరవై నిమిషాలు ఉంచి, ఆ తరువాత చల్లార్చుతున్నారు.

ప్రాణహిత (సిరోంచ):

బావగారి కోరిక గురించి ఎవరూ జవాబు ఇవ్వలేదు కనుక నేను రాస్తున్నాను. ఒడిశా ఎక్సైజు చట్టం, 2008 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇంటి మేడమీద, సొంత వాడకానికే అన్న మాట అక్కడ చెల్లదు. మెల్‌బోర్న్‌లోని సౌకర్యాన్ని బరంపురానికి వర్తింపజేసుకోవద్దు. మా గడ్చిరోలి జిల్లాలో 1993నుంచి మద్య నిషేధమే ఉంది. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వెళ్ళివచ్చేవారి సంచులను ఏ కళ్ళతో చూస్తారో మాకు తెలుసు.

మాస్టారికి నాదొక సందేహం. ఇంగ్లండునుంచి నెలల తరబడి ఓడలలో మన దేశానికి వచ్చిన ఇండియా పేల్ ఏల్ చెడకుండా ఉన్నది హాప్స్ వల్లనే అంటారు కదా. మరి హాప్స్ ఉండి కూడా ఈయన బీరు మూడు వారాలకే చెడిపోవడమేమిటి?

జయపురం మాస్టారు:

మంచి సందేహం. చెడడం అన్న ఒక్క మాటతో మనం రెండు పనులను కలిపేస్తున్నాం. మా కొరాపుట్ కొండల్లో జీలుగు చెట్టునుంచి ఉదయం దించిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేసరికి పొంగి పులుస్తుంది, సాయంత్రానికి నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. దానిలో ఈస్టుతో పాటు లాక్టిక్, అసిటిక్ ఆమ్లాలను చేసే సూక్ష్మజీవులు కూడా అడ్డులేకుండా పెరుగుతాయి. హాప్స్ చేదు పదార్థాలు లాక్టిక్ జాతి సూక్ష్మజీవులను అణచివేస్తాయి. ఓడల్లో వచ్చిన బీరును కాపాడినది ఆ గుణం. ఆ పీపాల బీరు ఎటూ నెలలు ముదిరి తాగవలసినదే, తాజా మామిడి వాసనను దానినుంచి ఎవరూ ఆశించలేదు. హాప్స్ బీరును పుల్లబడనివ్వవు, కాని తమ వాసనను తామే కాపాడుకోలేవు. ఈయన బీరు పుల్లబడిందని ఎక్కడా రాయలేదు, గమనించండి.

రుషికుల్య (బరంపురం):

మాస్టారూ, అక్కయ్యగారూ, ప్రాణహితగారూ, ముగ్గురికీ కృతజ్ఞతలు. చట్టం సంగతి బావగారికి చదివి వినిపించాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు కాని మేడమీది గది ప్రస్తావన మళ్ళీ తేలేదు. ఆయన కోసమే ఆన్‌లైనులో కొన్న సిట్రా పెల్లెట్లు 50 గ్రాములు ఫ్రీజరులో అలాగే ఉన్నాయి. పులియబెట్టకుండా వాటితో ఏమైనా చేయవచ్చా?

ప్రాణహిత (సిరోంచ):

చేయవచ్చు. నిషేధపు జిల్లాలో ఉంటూ నేను రెండేళ్ళుగా చేస్తున్నది అదే. లీటరు నీళ్ళు కాచి, పొయ్యి దించి, అరచెక్క నిమ్మరసం పిండండి. నీళ్ళు పుల్లగా ఉంటే హాప్స్‌లోని మోటు చేదు తక్కువగా దిగుతుంది. పీహెచ్ కొలిచే కాగితం ఉంటే 4 దగ్గర ఉండేలా చూసుకోండి. వేడి 75 డిగ్రీలకు దిగాక మూడు గ్రాముల పెల్లెట్లు వేసి, మూతపెట్టి, పావుగంట ఆగి, రెండు మడతల గుడ్డతో వడకట్టి, వెంటనే ఫ్రిజ్జులో పెట్టండి. తాగేముందు సగం గ్లాసు ఆ నీళ్ళు, సగం గ్లాసు చల్లటి సోడా. పంచదార వేయవద్దు, ఈస్టు వేయవద్దు, నాలుగు రోజులకు మించి నిలవ ఉంచవద్దు. చేతికి చిక్కింది కదా అని పది గ్రాములు వేస్తే కషాయం అవుతుంది, అది నేను పడిన తప్పే.

వడకట్టిన పిప్పిని మాత్రం వీధిలో పారేయకండి. హాప్స్ తిన్న కుక్కలకు ఒళ్ళు విపరీతంగా వేడెక్కి ప్రాణం మీదికి వస్తుంది. మట్టిలో లోతుగా పాతిపెట్టండి.

రుషికుల్య (బరంపురం):

రెండు సంగతులు తెలియజేయడానికి మళ్ళీ రాస్తున్నాను. మా మిత్రుడు మాస్టారు చెప్పినట్లే సీసాలను చల్లబరచి, ఒకటి తెరిచి కొలిచాడు. సాంద్రత 1.008 చూపించింది. అంటే సీసాలకు ఎత్తిన తరువాత మూడు అంకెలు దిగింది. ముందున్నదీ పంచదారనుంచి వచ్చినదీ కలిసిన రెండున్నర రెట్లకు ఇంకొక ఒకటిన్నర రెట్టు వాయువు తోడయిందన్నమాట. సీసాలు పగలకపోవడం మా అదృష్టం. మిగిలిన పద్నాలుగు సీసాలనూ ఒక్కొక్కటిగా మూత సడలించి తొట్టిలో ఒంపేయమన్నాను. జూలైలో అక్కడ చలికాలం కనుక మళ్ళీ కాస్తాను. ఆ 60 గ్రాములు మంట ఆర్పాకే వేస్తాను, 100 గ్రాములను 100 గ్రాములుగానే ఉంచుతాను. బకెట్టులోకి వంచడం మానేసి గొట్టం కొసను సీసా అడుగుకు ఆనించి నింపడం, నురగ మూతిదాకా వచ్చాక దాని మీదే మూత బిగించడం అలవాటు చేసుకుంటాను.

హాప్స్ నీళ్ళు నిన్న చేశాను. మొదటిసారి మూత లేకుండా నానబెట్టి, రెండోసారి మూతపెట్టి చేసి పక్కపక్కన పోసి చూస్తే, రెండో గ్లాసులో నిమ్మతొక్క వాసన నిలిచింది, మొదటిదానిలో చేదే మిగిలింది. మొగలిరేకు అక్కయ్యగారి మాట ఆ రెండు గ్లాసుల్లో కనిపించింది. బావగారు ఒక గుక్క తాగి, వేపపువ్వు వేసి బెల్లం మరిచిపోయిన ఉగాది పచ్చడిలా ఉందన్నారు. అమ్మ మాత్రం రెండో గ్లాసు మొత్తం తాగి, మోకాలి నొప్పికి కూడా పనిచేస్తుందా అని అడిగింది. చేయదని చెప్పాను. అయినా ఈ ఉదయం ఇంకో లీటరు చేయించుకుంది.